ఆప్టిమైజేషన్‌లో పరిశోధన, ప్రొఫెసర్ ఉద్యోగం: అనంతపురంలో పిల్లలూ తల్లిదండ్రులూ తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఇంజినీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్పడం, కొందరు స్కాలర్ల చేత ఆప్టిమైజేషన్ మీద, అంటే ఉన్న షరతుల్లో అన్నిటికంటే మేలైన జవాబు వెతికే పద్ధతుల మీద, పరిశోధన చేయించడం నా పని. మేం వాడే పద్ధతుల రంగాన్ని కంప్యుటేషనల్ ఇంటెలిజెన్స్ అంటారు. ఏటా గేట్ ఫలితాలు వచ్చాక కర్నూలు నుంచి, ప్రొద్దుటూరు నుంచి, గుంతకల్లు, ధర్మవరం నుంచి పిల్లలు ఫోన్ చేస్తారు, వాళ్లు పెట్టేశాక వాళ్ల నాన్నలు మళ్లీ చేస్తారు, అడిగేవి మాత్రం అవే. అందుకే ఒకచోట రాసిపెడుతున్నాను.

కంప్యుటేషనల్ ఇంటెలిజెన్స్ అంటే ఏఐనే కదా సార్, మళ్లీ ఈ పేరెందుకు?

ఏఐలో భాగమే. కాకపోతే ఈ పేరు పెట్టుకున్నవాళ్లు ముఖ్యంగా మూడు రంగాల్లో పనిచేస్తారు: న్యూరల్ నెట్‌వర్కులు, ఫజీ లాజిక్, ఎవల్యూషనరీ కంప్యుటేషన్. మూడూ వేరువేరుగా పుట్టాయి. 1994లో ఓర్లాండోలో మూడింటి సదస్సులనూ కలిపి ఒకేచోట జరిపారు, ఇప్పుడు ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంఘంలో ఈ పేరుతోనే ఒక సొసైటీ నడుస్తోంది.

న్యూరల్ నెట్‌వర్కుల గురించి ఇప్పుడు టీ కొట్టు దగ్గర కూడా మాట్లాడుతున్నారు కాబట్టి వదిలేస్తాను. ఫజీ సంగతి చూడండి. జూన్‌లో ఒక వాన పడ్డాక వేరుశనగ రైతు చేలో మట్టి పిడికిట్లోకి తీసుకుని చూసి "పదును ఇంకా చాల్లేదు, ఇంకో వాన పడనీ" అంటాడు. ఆ పదును ఉంది, లేదు అని రెండు ముక్కల్లో తేలేది కాదు, కొంత ఉంటుంది, ఇంకొంత కావాలి. 1965లో లోట్ఫీ జాదే ఈ "కొంత"ను సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకెగా రాసి, దానితో లెక్క కట్టే పద్ధతి ఇచ్చాడు. ఇక ఎవల్యూషనరీ కంప్యుటేషన్ అంటే, ఒక్క జవాబును పట్టుకుని దాన్నే మెరుగు చేయకుండా ఒక గుంపు జవాబులతో మొదలుపెట్టి, మంచివాటిని కలిపి, కాస్త మార్చి, పనికిరానివాటిని తీసేస్తూ తరాలు తరాలుగా ముందుకు పోవడం. జాన్ హాలండ్ 1975లో రాసిన పుస్తకంతో జెనెటిక్ అల్గారిథమ్ అందరికీ తెలిసింది. 1992లో మార్కో డొరిగో పీహెచ్‌డీ థీసిస్‌లో చీమల పద్ధతి వచ్చింది, 1995లో కెనెడీ, ఎబర్‌హార్ట్ పార్టికల్ స్వార్మ్ తెచ్చారు, ఇంచుమించు అదే కాలంలో స్టోర్న్, ప్రైస్‌ల డిఫరెన్షియల్ ఎవల్యూషన్ వచ్చింది. ఈ నాలుగూ బాగా వస్తే తర్వాత వచ్చిన వాటిలో చాలా భాగం చదవకుండానే అర్థమవుతాయి. ఎందుకో కింద చెప్తాను.

ఆప్టిమైజేషన్‌తో నిజంగా ఎవరికైనా పనుందా, లేక పేపర్ల కోసమేనా?

ముద్దనూరు దగ్గరి బొగ్గు విద్యుత్ కేంద్రం ఆర్టీపీపీ తీసుకోండి. 210 మెగావాట్ల యూనిట్లు అయిదు, 600 మెగావాట్లది ఒకటి, మొత్తం 1650. ఇవాళ సాయంత్రానికి ఇంత కరెంటు కావాలని చెప్పారనుకోండి. ఏ యూనిట్ ఎంత తీయాలి? అన్నీ సమానంగా తీస్తే బొగ్గు ఖర్చు తగ్గదు, ఎందుకంటే ఒక్కో యూనిట్ ఖర్చు వంపు ఒక్కో రకం. దీన్ని ఎకనామిక్ డిస్పాచ్ అంటారు. ఖర్చు వంపు నున్నగా ఉంటే డిగ్రీ కాలిక్యులస్ చాలు. కానీ పెద్ద టర్బైన్లలో ఆవిరి వాల్వులు ఒకటి తర్వాత ఒకటి తెరుచుకునే చోటల్లా ఆ వంపు మీద అలలు వస్తాయి, వాలు చూసుకుంటూ దిగే పద్ధతి ఏదో ఒక చిన్న గుంటలో పడి అక్కడే ఆగిపోతుంది. జీఏ (జెనెటిక్ అల్గారిథమ్), పీఎస్‌ఓ (పార్టికల్ స్వార్మ్) లాంటివి పనికొచ్చేది సరిగ్గా అక్కడ.

ఇక ఏ యూనిట్ ఆన్‌లో ఉండాలి, ఏది ఆఫ్ అనేది ఇంకో మెట్టు పైనుండే సమస్య. పది యూనిట్లుంటే ఒక గంటకు 1024 రకాలు. 24 గంటలకు కలిపితే ఆ సంఖ్యలో 73 అంకెలుంటాయి. దానికి కర్నూలు జిల్లాలో 2017లో మొదలైన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కును కలపండి, మేఘం వస్తే ఉత్పత్తి పడిపోతుంది, సాయంత్రం ఆరింటికి సూర్యుడు పోతాడు, ఇళ్లలో లైట్లు అప్పుడే వేస్తారు. రాయలసీమలో గాలి, ఎండ, బొగ్గు, కాలువ నీళ్లు నాలుగూ ఉన్నాయి కాబట్టి మనకు సమస్యల కరువు లేదు. కరువంటే మిగతా కరువులే.

ఏ బ్రాంచి వాళ్లు రావచ్చు?

ఎవరైనా. ఈఈఈ వాళ్లకు కరెంటు సమస్యలు తెలుసు, సివిల్ వాళ్లకు నీళ్లు, మెకానికల్ వాళ్లకు డిజైన్, సీఎస్‌ఈ వాళ్లకు కోడింగ్. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసినవాళ్లు వస్తే నాకు ఇంకా సంతోషం, వాళ్లకు నిరూపణ అంటే భయముండదు. ఒకే ఒక ఇబ్బంది, సీఎస్‌ఈ వాళ్లు సమస్య తెలియకుండా కోడ్ రాస్తారు, మిగతావాళ్లు సమస్య తెలిసి కూడా కోడ్ రాయరు.

లెక్కలు ఎంత రావాలి? ఇంటర్‌లో మంచి మార్కులే వచ్చాయి.

ఇంటర్ మార్కులు పక్కన పెట్టండి, ఎంసెట్ కోసం షార్ట్‌కట్లు బట్టీ పట్టిన లెక్కలు ఇక్కడ అడ్డం కూడా వస్తాయి. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ నిదానంగా కూర్చుని మళ్లీ చదవాలి. కాన్వెక్స్ అంటే ఏమిటో, లాగ్రాంజ్ గుణకం ఎందుకు వస్తుందో ఎదుటివాడికి చెప్పగలగాలి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ వాళ్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, ఒక్కటి తీసుకుని అసైన్‌మెంట్లతో సహా చివరిదాకా చేయండి. అయిదు కోర్సుల్లో రెండేసి వారాలు చూసి వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఇంకో మాట, చాలామంది నొచ్చుకుంటారు గానీ చెప్పాలి. మీ సమస్య లీనియర్ ప్రోగ్రామింగ్ అయితే, అంటే లక్ష్యమూ షరతులూ అన్నీ సరళరేఖ సమీకరణాలే అయితే, దానికి జెనెటిక్ అల్గారిథమ్ వాడొద్దు. 1947లో డాంట్జిగ్ దానికి సింప్లెక్స్ అనే పద్ధతి ఇచ్చాడు, ఇప్పుడు హైగ్స్ లాంటి ఉచిత సాల్వర్లు లక్ష వేరియబుల్స్ ఉన్నా చాలాసార్లు చూస్తుండగానే జవాబు ఇస్తాయి, పైగా అదే అత్యుత్తమమని రుజువుతో ఇస్తాయి. జీఏ ఆ రుజువు ఇవ్వదు. ముందు సాల్వర్‌కు ఇచ్చి చూడాలి, అది చేతులెత్తేస్తే అప్పుడు మా దగ్గరికి రావాలి. ఈ వరస తెలియకుండా పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లను ఇంటర్వ్యూ ప్యానెళ్లలో చూస్తూనే ఉన్నాను.

ఎంటెక్ తప్పనిసరా? బీటెక్ నుంచి నేరుగా పోవచ్చా?

పోవచ్చు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉన్నవాళ్లు పీహెచ్‌డీకి అర్హులే, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు అందులో సడలింపు ఉంటుంది. ఐఐటీలు తమ సొంత నియమాలతో బీటెక్ వాళ్లను ఎప్పటినుంచో తీసుకుంటున్నాయి. అయినా నా సలహా అడిగితే, పరిశోధన అంటే ఏమిటో ఇంకా రుచి చూడనివాళ్లు ఎంటెక్ చేయడమే మేలు. గేట్ ఉంటే నెలకు 12,400 వస్తుంది, రెండో ఏడాది ప్రాజెక్టులో ఈ పని మీకు పడుతుందా లేదా మీకే తెలిసిపోతుంది. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపర్ కూడా పెట్టారు, మన రంగానికి అది బాగానే సరిపోతుంది. ఇంకో సంగతి, ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు ఏఐసీటీఈ ఎంటెక్ అడుగుతుంది. నేరుగా పీహెచ్‌డీకి పోయేవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

"ఏం సార్, మావాడు ఇంకా చదువుతానే ఉంటాడా? వానితోటి వాళ్లంతా బెంగళూరులో సంపాదిస్తాండారు."

ఈ ప్రశ్న తల్లులది. దీనికి గొప్పగొప్ప మాటలు చెప్తే ప్రయోజనం లేదు, డబ్బు లెక్కే చెప్పాలి. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, హాస్టల్ లేకపోతే ఇంటద్దె వేరే. 2023 జనవరి నుంచి ఈ రేట్లు. ప్రధానమంత్రి ఫెలోషిప్ వస్తే 70,000తో మొదలై 80,000 దాకా పోతుంది, అది కొద్దిమందికే. అంటే అబ్బాయి ఇంటి మీద బరువు కాడు, అలాగని ఇంటికి పంపేంత కూడా మిగలదు. చెల్లెలి పెళ్లి, నాన్న బోర్ల అప్పు ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. అలాంటప్పుడు ముందు రెండుమూడేళ్లు ఉద్యోగం చేసి అప్పు తీర్చుకుని తర్వాత రమ్మని నేనే చెప్తాను, ఈ రంగంలో ముప్ఫయ్యేళ్లకు మొదలుపెట్టినవాళ్లూ బాగా చేస్తున్నారు.

ఫెలోషిప్ లేకుండా, చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైమ్‌లో చేసేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. వాళ్ల కష్టం వేరు. పగలంతా క్లాసులు, సాయంత్రం నాక్ (కాలేజీకి గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు, వేసవిలో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం, రాత్రి పదకొండు తర్వాత పరిశోధన. చేయలేరని అనను. కానీ రోజుకు రెండు గంటలు ఎవరూ కదిలించని సమయం దొరకనివాళ్లు రిజిస్టర్ కావొద్దు, ఫీజులు మాత్రం కడుతూ ఏళ్లు దొర్లిపోతాయి.

అనంతపురంలో ఉండే చేయవచ్చా? పెద్ద కంప్యూటర్లు కావద్దా?

చేయవచ్చు. ఈ రంగానికున్న పెద్ద సౌకర్యం అదే. చాట్‌జీపీటీ లాంటి భాషా మోడళ్లకు కావలసినట్టు వందల జీపీయూలు ఇక్కడ అక్కర్లేదు. పదిహేను వేల రూపాయల పాత డెస్క్‌టాప్ మీద రాత్రంతా రన్ పెట్టి పడుకుంటే పొద్దున్నకు ఫలితం వస్తుంది, కరెంటు పోకపోతే. పైథాన్‌లో పైమూ (pymoo), డీప్ (DEAP) లైబ్రరీలు ఉచితం.

సంస్థల మాటకొస్తే, ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీ 1946లో మొదలైంది, అదే ఇప్పటి జేఎన్‌టీయూ అనంతపురానికి పునాది, 2008లో విశ్వవిద్యాలయం అయింది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981 నుంచి ఉంది, 2018లో సెంట్రల్ యూనివర్సిటీ వచ్చింది. 2015లో మొదలైన ట్రిపుల్ఐటీ డీఎం కర్నూలులో జగన్నాథగట్టు మీద ఉంది. కడప వైపు యోగి వేమన విశ్వవిద్యాలయం, ఇడుపులపాయ ట్రిపుల్ఐటీ ఉన్నాయి. పేపర్లు చదవడానికి ఒకప్పుడు బెంగళూరులో చదివే స్నేహితుడికి ఫోన్ చేసి పీడీఎఫ్ పంపించుకునేవాళ్లం. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లకు 13,000 దాకా జర్నల్స్ తెరుచుకున్నాయి. ప్రైవేటు కాలేజీ వాళ్లకు ఆ భాగ్యం ఇంకా లేదు, వాళ్లు ఆర్కైవ్ (arXiv) అనే వెబ్‌సైట్‌లో ఉచిత ప్రతి వెతుక్కోవాలి, లేదా రచయితకే మెయిల్ పెట్టాలి, చాలామంది సంతోషంగా పంపుతారు.

ఇక్కడ దొరకనిది మనుషుల సావాసం. బెంగళూరు ఐఐఎస్సీ క్యాంటీన్‌లో టీ తాగుతుంటే పక్కవాడు మీ పద్ధతిలో తప్పు చెప్తాడు, ఇక్కడ ఆ తప్పు రివ్యూయర్ చెప్పేదాకా ఆగాలి. నయమేమిటంటే మనకు విజయవాడ కంటే బెంగళూరే దగ్గర. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం సెమినార్ విని రాత్రికి ఇంటికి రావచ్చు. ఆ అలవాటు చేసుకోండి.

గైడ్‌ను ఎట్లా చూసుకోవాలి?

సంబంధం చూసేటప్పుడు చేసే విచారణ అంతా ఇక్కడ కూడా చేయాలి. థీసిస్‌లు దొరికే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఆయన పేరు కొట్టి, ఆయన దగ్గర ఇంతకుముందు వచ్చిన థీసిస్‌లు రెండు దించుకుని చదవండి. ఏ ఏడాది రిజిస్టర్ అయ్యారో, ఏ ఏడాది డిగ్రీ వచ్చిందో చూడండి. నిబంధన ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, ఆ పైన పొడిగింపు. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురికి మించి ఉండకూడదు. ఆయన దగ్గర వదిలేసి వెళ్లిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను కలవండి, పూర్తిచేసినవాళ్లు మర్యాద కోసం కొన్ని చెప్పరు. గైడ్ పిల్లల్ని బ్యాంకుకు, కూరగాయలకు పంపుతాడని వింటే అక్కడే ఆగిపోండి.

కొత్త అల్గారిథమ్ కనిపెడితే సులభంగా పేపర్ వస్తుందంట కదా? తోడేలు, తిమింగలం పేర్లతో అల్గారిథమ్‌లు ఉన్నాయి, నేను నెమలి తీసుకుందామనుకుంటున్నా.

వద్దు నాయనా. గత ఇరవై ఏళ్లలో ఈ రంగంలోకి అడివంతా వచ్చేసింది. తోడేలు, తిమింగలం, గబ్బిలం, మిణుగురు, కోకిల, చిమ్మెట ఇలా వందల్లో ఉన్నాయి. ఆ జంతువు కథ తీసేసి సూత్రాన్ని మాత్రమే రాసి చూడండి, చాలా వాటిలో మిగిలేది పార్టికల్ స్వార్మ్ లేదా ఎవల్యూషన్ స్ట్రాటజీ అనే పాత ఎవల్యూషనరీ పద్ధతి, గుర్తులు మార్చి రాసింది. ఇది నా ఒక్కడి చిరాకు కాదు. 2001లో సంగీతం పేరుతో వచ్చిన హార్మనీ సెర్చ్ పాత ఎవల్యూషన్ స్ట్రాటజీలో ఒక ప్రత్యేక సందర్భమేనని 2010లో వేల్యాండ్ చూపించాడు. 2015లో సొరెన్‌సెన్ ఈ పోలికల పిచ్చిని మొత్తంగా ఎండగడుతూ ఒక వ్యాసం రాశాడు. చీమల పద్ధతి తెచ్చిన డొరిగోనే తన సహచరులతో కలిసి తోడేలు, తిమింగలం, గబ్బిలం వగైరాలను ఒక్కొక్కటిగా విప్పి, వాటిలో కొత్త ఏమీ లేదని రాశాడు. జర్నల్ ఆఫ్ హ్యూరిస్టిక్స్ లాంటివి ఇప్పుడు కథ మాత్రమే కొత్తగా ఉన్న పేపర్‌ను తీసుకోబోమని రాసిపెట్టాయి.

మరి ఆ పేపర్లలో ఫలితాలు అంత బాగా ఎలా వస్తాయి అంటారా. ఒక కిటుకు చెప్తాను. పరీక్షకు పెట్టే పాత ఫంక్షన్లు, స్ఫియర్, రాస్ట్రిజిన్, యాక్లీ, గ్రీవాంక్, వీటన్నిటికీ జవాబు సరిగ్గా మధ్యలో, సున్నా దగ్గర ఉంటుంది. అల్గారిథమ్‌లో తెలిసో తెలియకో సున్నా వైపు లాగే పదం ఒకటి ఉందనుకోండి, అది వెతక్కుండానే జవాబు మీద పడుతుంది, పట్టికలో 10 ఘాతం మైనస్ 300 అని వస్తుంది, రచయిత మురిసిపోతాడు. జవాబును కాస్త పక్కకు జరిపి మళ్లీ రన్ చేస్తే బండారం బయటపడుతుంది. 2022లో కుడేలా ఇలాంటివి చాలా పట్టి నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్‌లో రాశాడు. నా దగ్గరికి ఎవరైనా కొత్త పద్ధతి తెస్తే మొదట చేయించేది ఈ జరిపే పరీక్షే, సగం పైగా అక్కడే ఆగిపోతాయి.

పైగా 1997లో వోల్పర్ట్, మెక్‌రెడీ నిరూపించినదొకటి ఉంది. సాధ్యమైన అన్ని సమస్యల మీదా సగటు తీస్తే ఏ అల్గారిథమ్ కూడా ఇంకోదాని కంటే మేలు కాదు. కాబట్టి "అన్నిటి కంటే మేలైన" నెమలి అసలు ఉండదు. ఫలానా రకం సమస్యకు ఏది ఎందుకు పనిచేస్తుంది అన్నదే అడగాల్సిన ప్రశ్న.

మంచి పని ఎలా ఉంటుందో చూడాలంటే కల్యాణ్‌మయ్ దేబ్‌ది చూడండి. ఐఐటీ కాన్పూర్‌లో ఉంటూ, 1994లో శ్రీనివాస్‌తో కలిసి ఒకటి కంటే ఎక్కువ లక్ష్యాలున్న సమస్యలకు ఎన్‌ఎస్‌జీఏ అనే జెనెటిక్ అల్గారిథమ్ ఇచ్చాడు. దాంట్లో మూడు లోపాలున్నాయి: చాలా నిదానం, మంచి జవాబులు తర్వాతి తరానికి పోకుండా జారిపోతాయి, వాడేవాడు చేత్తో ఇవ్వాల్సిన ఒక పారామీటర్ ఉంది. ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా సరిచేసి 2002లో ఎన్‌ఎస్‌జీఏ-2 తెచ్చారు. జంతువు లేదు, కథ లేదు. ఇవాళ్టికీ ప్రపంచమంతా దాన్ని వాడుతూనే ఉంది.

ఒక్కసారి రన్ చేస్తే చాలదా? బాగానే వచ్చింది కదా.

చాలదు. ఇవి పాచికలు వేసి నడిచే పద్ధతులు, ఒక్క రన్‌లో అదృష్టం ఎంతో పద్ధతి ఎంతో తెలియదు. సీఈసీ అనే సదస్సు 2017 పోటీల్లో ఒక్కో ఫంక్షన్‌కు 51 రన్లు అడిగారు, ఒక్కో రన్‌కు ఫంక్షన్‌ను లెక్కించే అవకాశం వేరియబుల్స్ సంఖ్యకు పదివేల రెట్లు. పోలుస్తున్న అన్నిటికీ అదే బడ్జెట్ ఇవ్వాలి. తేడా నిజమా అదృష్టమా తేల్చే విల్‌కాక్సన్, ఫ్రీడ్‌మన్ అనే స్టాటిస్టిక్స్ పరీక్షలు చేయాలి. ఇంకా ముఖ్యం, మీ పద్ధతిని నెల రోజులు ట్యూన్ చేసి, ఎదుటివాడిది 1995 నాటి పారామీటర్లతో రన్ చేసి గెలిచానంటే అది గెలుపు కాదు. ఎవల్యూషన్ స్ట్రాటజీల్లో మంచిదైన సీఎంఏ-ఈఎస్‌తో, పాతది కాని డిఫరెన్షియల్ ఎవల్యూషన్‌తో పోల్చండి. ఓడిపోతే ఓడిపోయామని రాయండి. సీడ్ నంబర్లతో (అవే పాచికలు మళ్లీ పడేలా చేసే అంకెలు) సహా కోడ్ బయటపెట్టండి.

ఏ సమస్య తీసుకోవాలో తెలియడం లేదు.

తుంగభద్ర ఎగువ కాలువ కింద ఏం జరుగుతుందో వెళ్లి చూడండి. డ్యామ్‌లో పూడిక చేరి నీళ్లు తగ్గుతాయి, వచ్చినవాటిని పెన్నహోబిలం, మిడ్ పెన్నార్, చిత్రావతి రిజర్వాయర్ల మధ్య పంచాలి, తాగునీళ్లు ముందు, పంట తర్వాత, ఎండకు ఆవిరైపోయేది ఒక లెక్క, చివరి ఊరికి నీళ్లు అందకపోతే అది ఇంకో లెక్క. మొత్తం దిగుబడి పెంచాలంటే ఒక జవాబు వస్తుంది, ఏ ఊరికీ అన్యాయం జరగకూడదంటే ఇంకో జవాబు. రెండూ ఒకేసారి కుదరవు. ఎన్‌ఎస్‌జీఏ-2 సరిగ్గా ఇలాంటివాటి కోసమే, ఒక్క జవాబు ఇవ్వకుండా ఇంత న్యాయానికి ఇంత దిగుబడి పోతుందని వరసగా పెట్టి చూపిస్తుంది, తేల్చుకోవాల్సింది మనుషులు.

డేటా సంగతే కష్టం. ఇరిగేషన్ ఆఫీసుకు కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం పట్టుకుని పోవాలి, ఒకసారికి పని కాదు, ఏఈ గారు సైటులో ఉంటారు, ఇంకోరోజు రమ్మంటారు. రిజిస్టర్లు కొన్ని చేతిరాతలో ఉంటాయి, కూర్చుని ఎక్కించుకోవాలి. ఈ తిప్పట కుదరదని మావాళ్లు చాలామంది ఐఈఈఈ 30 బస్ సిస్టమ్ దించుకుని దాని మీదే థీసిస్ పూర్తిచేస్తారు. అది అమెరికా కరెంటు వ్యవస్థలో ఒక ముక్కకు పాతకాలపు నమూనా. నేర్చుకోవడానికి మంచిది, దాని మీదే ఆగిపోతే మాత్రం ప్రపంచంలో వెయ్యిమంది చేసిన పనే మీరూ చేసినట్టు. కాలువ డేటా ఉన్నవాడు మీరొక్కరే కావచ్చు.

స్కోపస్ జాబితాలో ఉన్న జర్నల్‌లో పేపర్ ఇరవై వేలకు ఇప్పిస్తామని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

బ్లాక్ చేయండి. డబ్బు తీసుకుని పేపర్ రాసిపెట్టేవాళ్లు, పేర్లు అమ్మేవాళ్లు ఎంతమందున్నారో చెప్పలేం. హిందావీ ప్రచురణ సంస్థ 2023 ఒక్క ఏడాదిలో 8,000కు పైగా వ్యాసాలను వెనక్కు తీసుకుంది. మూసేసిన జర్నల్స్‌లో ఒకటి మన రంగం పేరు పెట్టుకున్నదే, కంప్యుటేషనల్ ఇంటెలిజెన్స్ అండ్ న్యూరోసైన్స్. అందులో నిజాయితీగా రాసినవాళ్లు కూడా నష్టపోయారు.

ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ ఎవల్యూషనరీ కంప్యుటేషన్, ఎంఐటీ ప్రెస్ వాళ్ల ఎవల్యూషనరీ కంప్యుటేషన్, స్వార్మ్ అండ్ ఎవల్యూషనరీ కంప్యుటేషన్, వీటిలో మామూలు పద్ధతిలో (చందా కట్టినవాళ్లే చదివేలా) వేస్తే రచయిత ప్రచురణ రుసుము కట్టక్కర్లేదు. సదస్సుల్లో గెక్కో, సీఈసీ, పీపీఎస్‌ఎన్ మంచివి. జవాబు రావడానికి నెలలు పడుతుంది, తిప్పి పంపితే టెన్షన్ పడకండి, తిప్పి పంపిన కాగితంలో ఉన్న నాలుగు మాటలకే ఎక్కువ విలువ. యూజీసీ తాను ఒప్పుకునే జర్నల్స్ జాబితా కేర్‌ను 2025లో ఆపేసింది, 2022 నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్నది కూడా తీసేసింది. విశ్వవిద్యాలయాలు మాత్రం సొంతంగా అడగవచ్చు, మీ ఆర్డినెన్సు చదువుకోండి.

చాట్‌జీపీటీ వచ్చాక ఈ రంగం పాతబడిందంటున్నారు.

గూగుల్ డీప్‌మైండ్ 2023 చివర్లో ఫన్‌సెర్చ్ అని ఒకటి చూపించింది. భాషా మోడల్ ప్రోగ్రాములు రాస్తుంది, వాటిలో మంచివాటిని ఏరి, మార్పించి, మళ్లీ ఏరుతుంది. ఆ ఏరడం, మార్చడం హాలండ్ నాటి పనే. 2025లో వచ్చిన ఆల్ఫాఎవాల్వ్ కూడా అదే దారి. పాతబడలేదు, పక్కింటికి కాపురం మారింది.

ఉద్యోగం ఎక్కడ వస్తుంది, జీతమెంత?

ఏడో వేతన సంఘం లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700తో మొదలు, డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలుస్తాయి. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్ల అనుభవం ఉంటే 1,01,500 మూల వేతనం మెట్టుకు చేరవచ్చు, దానికి ముందు ఒకటిరెండేళ్లు పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే పరిశోధన ఉద్యోగం) చేసినవాళ్లే ఎక్కువగా నెగ్గుతున్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు ఏళ్లతరబడి నిండవు, కోర్టు కేసులుంటాయి, వాటి మీదే ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. ప్రైవేటు కాలేజీల్లో కాగితం మీద స్కేలు ఒకటి, చేతికొచ్చేది ఒకటి, చేరేముందు అక్కడ పనిచేసేవాళ్లను అడగండి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన అని నిబంధన, ఎక్కువ చెప్పిస్తే పరిశోధన చేయలేరు. కాలేజీ వద్దనుకుంటే విమానయాన సంస్థలు, సరకు రవాణా, విద్యుత్ రంగం ఆప్టిమైజేషన్ తెలిసినవాళ్లను తీసుకుంటాయి, జీతం మాకంటే మేలే.

అమ్మాయిలకు పెళ్లి, పిల్లలు అయితే మధ్యలో ఆగిపోతుంది కదా?

ఆగనక్కర్లేదు. 2022 నిబంధనల్లో మహిళా స్కాలర్లకు గడువు మీద ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది, మొత్తం మీద 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. ఇది ఆఫీసు క్లర్కుకు తెలియకపోతే కాపీ తీసుకెళ్లి చూపించండి. పెళ్లిచూపుల్లో "పీహెచ్‌డీ పూర్తయ్యాకే ఏ ఊరైనా" అని ముందే చెప్పినవాళ్లు సుఖపడ్డారు, తర్వాత చూద్దాంలే అన్నవాళ్లకే చిక్కు.

తెలుగు మీడియం సార్, ఇంగ్లిష్‌లో రాయలేను.

పేపర్లలో వాడే ఇంగ్లిష్ చిన్నది, వెయ్యి రెండు వేల మాటలు. రోజుకొక పేజీ చదివి, మూసేసి, సొంతంగా రాయండి. పక్కవాడి వాక్యాలు ఎత్తుకొచ్చి అతికించొద్దు, పోలిక పది శాతం దాటితే చర్య తప్పదు. ఆలోచన తెలుగులో తేటగా ఉంటే ఇంగ్లిష్‌లోకి దించడం అంత కష్టం కాదు, తెలుగులోనే తేటగా లేనిది ఏ భాషలోనూ నిలబడదు.

మొదటి మెయిల్ ఎట్లా రాయాలి?

"రెస్పెక్టెడ్ సర్, ఐయామ్ హార్డ్ వర్కింగ్" అని నలభై మందికి ఒకేసారి పంపొద్దు, టూ గడిలో నలభై అడ్రసులూ మాకు కనిపిస్తాయి. ఆయన పేపర్ ఒకటి చదవండి. అందులోని ఒక ఫలితాన్ని మీరే కోడ్ రాసి తిరిగి తెప్పించడానికి ప్రయత్నించండి, వచ్చినా రాకపోయినా ఆ సంగతి రాయండి. "మీ మూడో పట్టికలో ఉన్న విలువ నాకు రావడం లేదు, నేను ఇలా చేశాను, ఎక్కడ తేడా ఉంది" అని ఎవరైనా అడిగితే నేను ఆ రోజే జవాబిస్తాను. మార్కుల జాబితా అడిగితే పంపండి, ముందే అతికించక్కర్లేదు. పదిరోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి, అప్పటికీ లేకపోతే ఇంకొకరికి రాయండి. జూన్, జులైలో మేమంతా పరీక్షలు, అడ్మిషన్లలో మునిగి ఉంటాం, డిసెంబరులో రాసినవాళ్లకు త్వరగా జవాబు అందుతుంది.